కార్బన్ ర్యాప్ ఆయుష్షు అంచుల్లోనే ఉంది

చీమకుర్తి క్వారీల నుంచి వచ్చే బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ పలకకూ, అలాంటి మెరుపు చుక్కలనే అచ్చు వేసి వంటగది గట్టుకు అంటించే ప్లాస్టిక్ షీటుకూ ఉన్న తేడాను ఒంగోలు ప్రాంతంలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. కార్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అంత స్పష్టత కనిపించదు. బానెట్‌కు “కార్బన్ వేయించాం” అని చెప్పే యజమానుల్లో దాదాపు అందరూ వేయించింది కార్బన్ ఫైబర్ నేత కనిపించేలా వినైల్‌తో, అంటే పీవీసీ ప్లాస్టిక్‌తో, తయారైన పొరను. కార్బన్ ర్యాప్ అనేది దీన్నే. ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. ఆ పొర ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలిసి వేయించుకుంటే అది చక్కటి అలంకారమే. తెలియక వేయించుకుంటే, ముఖ్యంగా సముద్రపు ఉప్పుగాలీ రోహిణి కార్తె ఎండా రెండూ తగిలే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో, మూడు నాలుగేళ్లు తిరిగేసరికి అది కింద ఉన్న కంపెనీ పెయింటుకే చేటు తెస్తుంది.

అసలు కార్బన్ ఫైబర్ బరువు తగ్గించడం కోసం పుట్టిన పదార్థం. ఒక రకం కృత్రిమ దారాన్ని ఆక్సిజన్ తగలకుండా వెయ్యి డిగ్రీలకు పైబడిన వేడిలో ఉంచితే కార్బన్ తప్ప మిగతావన్నీ దాదాపుగా తొలగిపోయి, 5 నుంచి 7 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సన్నని పోగులు మిగులుతాయి. తల వెంట్రుక మందంలో అది పదో వంతు. వేల పోగులను కలిపి పాయలుగా తీసి, పాయలను గుడ్డగా నేసి, ఆ గుడ్డను ఎపాక్సీ రెజిన్ అనే గట్టిపడే జిగురుతో తడిపి, అచ్చులో పెట్టి వేడి మీద, ఒత్తిడి కింద గట్టిపరుస్తారు. 1981లో మెక్‌లారెన్ సంస్థ తన ఎంపీ4/1 రేసు కారు ప్రధాన చట్రాన్ని ఈ పదార్థంతో చేసి ఫార్ములా వన్‌లో కొత్త దారి వేసింది. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.8 గ్రాములైతే, గట్టిపడిన కార్బన్ ఫైబర్ పలకది సుమారు 1.6 గ్రాములు. రెజిన్ పారదర్శకంగా ఉండడం వల్ల లోపలి ఏటవాలు నేత పైకి కనిపిస్తుంది. రేసు కార్లలో అది తయారీ పద్ధతి వల్ల మిగిలిన రూపమే తప్ప ఎవరూ సొగసు కోసం గీసిన డిజైను కాదు. జనం కన్ను ఆ నేత మీద పడింది కాబట్టి, నేత ఒక్కటీ విడిపోయి పొరగా మార్కెట్లోకి వచ్చింది.

పొరతో బరువు తగ్గదు సరికదా కొద్దిగా పెరుగుతుంది. గమ్ముతో కలిపి 150 మైక్రాన్ల మందం ఉన్న వినైల్ చదరపు మీటరుకు దాదాపు 200 గ్రాములు తూగుతుంది, అంటే ఒక మామూలు బానెట్ మీద 300, 400 గ్రాములు అదనంగా చేరుతాయి. ఇది లెక్కలోకి రాని బరువే. అయినా “కార్బన్ వేయించాక కారు తేలికైంది” అనే మాట వినిపించినప్పుడు ఈ లెక్క గుర్తుండాలి. పొరకు అనుకూలమైన సంగతి కూడా ఒకటి ఉంది. అసలు కార్బన్ ఫైబర్ విద్యుత్తును ప్రవహింపజేస్తుంది కాబట్టి రేడియో తరంగాలకు అడ్డుపడుతుంది. వినైల్ పొరకు ఆ గుణం లేదు. అందువల్ల రూఫ్ మీది యాంటెనా తొడుగుకు దీన్ని అంటించినా సిగ్నల్‌కు ఇబ్బంది రాదు. బంపర్ మీది పార్కింగ్ సెన్సర్లు మాత్రం ధ్వని తరంగాలతో పనిచేసేవి, వాటిని ఏ పొరతోనూ కప్పకూడదు.

దుకాణాల్లో 3డీ, 4డీ, 5డీ, 6డీ అనే పేర్లతో రోళ్లు చూపిస్తారు. ఈ అంకెలు నాణ్యతను చెప్పే కొలతలు కావు. సాధారణంగా 3డీ అంటే వేలితో తడిమితే గరుకుగా తగిలే, మెరుపు తక్కువున్న పొర. 4డీ అంటే నేత లోతుగా కనిపిస్తూ కొంత నిగనిగలాడేది. ఆపై అంకెలు నేత మీద నున్నటి పారదర్శక పొర ఉండి అద్దంలా మెరిసే రకాలకు వాడుతున్నారు. ఒక తయారీదారు 5డీ మరొకరి 4డీ కంటే నాసిగా ఉండవచ్చు. పొర ఎంతకాలం నిలుస్తుందో చెప్పేది ఈ అంకె కాదు, ఆ వినైల్‌ను ఏ పద్ధతిలో తయారుచేశారన్నదే.

తయారీ పద్ధతులు రెండు. చపాతీ పిండిని కర్రతో ఒత్తినట్టు మెత్తబడిన పీవీసీని వేడి రోలర్ల మధ్య నలిపి పల్చగా సాగదీసేది క్యాలెండర్డ్ పద్ధతి. ద్రవంగా ఉన్న వినైల్‌ను దోశ పిండిలా కాగితం మీద పల్చగా పోసి, ఓవెన్‌లో ఆరబెట్టేది కాస్ట్ పద్ధతి. ఒత్తిన చపాతీ పెనం మీద వేయకముందే అంచుల దగ్గర కొద్దిగా ముడుచుకోవడం వంటింట్లో రోజూ కనిపించేదే. రోలర్ల కింద సాగిన వినైల్‌లో కూడా ఆ బిగువు నిలిచిపోయి, ఎండ తగిలినప్పుడల్లా తన పాత కొలతకు పోవాలని లాగుతూనే ఉంటుంది. పోసి ఆరబెట్టిన పొరలో అలాంటి బిగువు లేదు. అది పల్చన కాబట్టి వంపుల్లోకి సులువుగా ఒదుగుతుంది, ఖరీదు కూడా ఎక్కువే. రెండో రకాన్ని అడిగి, రోలు వెనుక కాగితం మీది పేరూ సిరీసూ చూసుకుని వేయించుకునే వారు ఇక్కడ తక్కువ. చదరపు అడుగు ధర ఒక్కటే అడిగితే దుకాణదారు చవక రకమే కోసి ఇస్తాడు. ఆ తప్పు పూర్తిగా అతనిదని అనలేం.

నేత ఉన్న పొరకూ, ఒకే రంగు పొరకూ పనితనంలో పెద్ద తేడా ఉంది. ఎరుపు పొరను వంపు దగ్గర అయిదు శాతం ఎక్కువ లాగినా చూసేవారికి తెలియదు. కార్బన్ నేతలో గళ్లన్నీ ఒకే కొలతలో, ఒకే ఏటవాలులో సాగాలి. ఒకచోట లాగితే అక్కడ గడి సాగి, తడిసి ఆరిన చీర అంచులా నేత వంకరపోతుంది. అందుకని బానెట్ మధ్య గీతను ముందే గుర్తు పెట్టుకుని, నేతను దానికి సరిపెట్టి, మధ్య నుంచి రెండు పక్కలకూ పరచుకుంటూ పోవాలి. బానెట్, రూఫ్ రెండూ వేయిస్తే ఒకదాని నేత దిక్కు రెండోదానికి కుదరాలి. రోలు వెడల్పు సాధారణంగా 1.52 మీటర్లు, అంటే అయిదు అడుగులు. ఆ వెడల్పులో చాలా బానెట్లు ఒకే ముక్కతో సరిపోతాయి. మిగిలిన పీలికను అడ్డంగా తిప్పి, కారు వెనుక రెక్కలా ఉండే స్పాయిలర్‌కు వాడితే వస్తువు ఆదా అవుతుంది కానీ, ఆ ఒక్క భాగంలో నేత ఎదురు దిక్కుకు వాలి ఎండలో వేరే రంగులా మెరుస్తుంది. అతుకు అయితే ఏ కోణంలో చూసినా కనిపిస్తుంది. అసలు కార్బన్ భాగాలు కార్లలో ఎక్కడ ఉంటాయో, అంటే సైడ్ మిర్రర్ తొడుగు, స్పాయిలర్, ముందు బంపర్ కింది పెదవి, తలుపుల మధ్య పిల్లర్, డ్యాష్‌బోర్డు పట్టీ, అక్కడే ఈ పొర నమ్మదగ్గట్టు కనిపిస్తుంది. కారంతా కప్పితే నేతకు అర్థం పోయి గళ్ల దుప్పటి కప్పినట్టు ఉంటుంది. ఇది అభిరుచికి సంబంధించిన మాటే అయినా, బానెట్, రూఫ్ లాంటి చోట్ల పొర ఎందుకు త్వరగా చెడుతుందో ముందు ముందు చూస్తే దీనికి ఆర్థిక కారణం కూడా ఉందని తెలుస్తుంది.

అంటించేటప్పటి వాతావరణం గురించి పొరల తయారీ సంస్థలు చెప్పేది దాదాపు ఒకటే: 16 నుంచి 32 డిగ్రీల మధ్య, దుమ్ము లేని మూసిన గదిలో పని చేయాలి. మే నెలలో నెల్లూరులో రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి పొర మెత్తబడి, లాగినకొద్దీ సాగిపోతుంది. గమ్ము తాకీ తాకగానే పట్టేస్తుంది, మళ్లీ ఎత్తి సరిచేసుకోనివ్వదు. అనుభవం ఉన్న పనివారు వేసవిలో తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ఎక్కకముందే ముగించడమో, ఏసీ గదిలో చేయడమో అందుకే. ఇక్కడ ఈ పనికి తగిన కాలం డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా. ఈశాన్య రుతుపవనాల వానలు తెరిపిచ్చి ఉంటాయి, పగటి వేడి 30 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది.

పాత స్టిక్కర్ పనిలో సబ్బునీళ్లు చల్లి, పొరను దాని మీద తేలించి, నీళ్లను స్క్వీజీ అనే చదును పలకతో బయటకు తోసేవారు. ఆ అలవాటు ఇప్పటికీ చాలాచోట్ల ఉంది. నేటి ర్యాప్ పొరల గమ్ములో గాలి పోవడానికి కంటికి కనిపించని సన్నని కాలువలు ఉంటాయి. వాటిలో సబ్బునీళ్లు చేరితే బయటికి పోయే దారి లేక, నెల తర్వాత ఎండకు బుడగలై పైకి లేస్తాయి. ఇలాంటి పొరను పొడిగానే వేయాలి. అంతకుముందు కారును కడిగి, తారు మరకలు తీసి, అంటుకున్న మురికిని లాగే క్లే ముద్దతో రుద్ది, చివరిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. నంబరు ప్లేటు అంచులు, వైపర్ మొదళ్లు, బానెట్ లోపలి మడత, తలుపు రబ్బరు కింది భాగం వంటి చోట్ల మిగిలిన ఒక్క చుక్క మైనం ఆ మూలలో పొరను ఏడాదిలోపు లేపేస్తుంది.

సైడ్ మిర్రర్ తొడుగును దగ్గరగా చూస్తే ఈ పనిలోని కిటుకంతా అర్థమవుతుంది. అది గుడ్డు చెక్కలాంటి వంపు. పనివాడు పొరను హీట్ గన్‌తో వెచ్చబెట్టి, నాలుగు వైపులా సమంగా లాగి ఒక్కసారి దించుతాడు. మధ్యభాగం నున్నగా కూర్చుంటుంది. అంచు దగ్గరికి వచ్చేసరికి మిగులు పొర ముడతలు పడుతుంది. ఆ ముడతను బొటనవేలితో నొక్కేసి వదిలితే ఆ రోజుకు బాగానే ఉంటుంది. అది నిలవాలంటే ముడతను తిరిగి ఎత్తి, వెచ్చబెట్టి, సాగకుండా సర్ది, అంచు లోపలికి కనీసం అర సెంటీమీటరు మడిచి, అప్పుడు ఆ మడతను మళ్లీ 90, 100 డిగ్రీల దాకా వేడెక్కించాలి. ఈ చివరి వేడికి సాగిన పొర తన పాత కొలతను మరిచిపోతుంది. చేతి అంచనాతో కాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో ఆ వేడిని కొలిచే దుకాణం దొరికితే అక్కడికే వెళ్లడం మంచిది. పని ముగించి కారు ఇచ్చేటప్పుడు ముడత నొక్కేసి వదిలిన తొడుగూ, ఇలా వేడెక్కించిన తొడుగూ ఒకేలా మెరుస్తాయి. మొదటి వేసవి దాటాక మొదటిదాని అంచు లేచి ఉంటుంది, రెండోదానిది లేవదు.

అసలు ప్రమాదం కత్తి దగ్గర ఉంది. మిగులు పొరను కారు మీదే బ్లేడుతో కోసే పద్ధతి త్వరగా అవుతుంది కాబట్టి ఎక్కువమంది అదే చేస్తారు. కంపెనీలో వేసిన ప్రైమరు, రంగు, క్లియర్ కోటు అన్నీ కలిపి మందం సుమారు 100 నుంచి 120 మైక్రాన్లే, అంటే పలుచటి విజిటింగ్ కార్డు మందం కూడా లేదు. కొత్త బ్లేడు దాన్ని కోసిన సంగతి కోసిన చేతికి కూడా తెలియదు. మైపాడు, కొత్తపట్నం లాంటి తీర గ్రామాల్లోనూ, ఉప్పు కయ్యలూ రొయ్యల చెరువులూ ఉన్న దారుల్లోనూ గాలిలో ఉండే ఉప్పు రాత్రి మంచుతో కలిసి ఆ గీతలోకి దిగుతుంది. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి పగలు ఆరినట్టు కనిపించినా లోపల ఆరదు. పైన పొర అంచు కప్పి ఉండడం వల్ల కడిగినా పోదు. మూడేళ్ల తర్వాత పొర ఊడదీస్తే బానెట్ అంచు వెంట, హెడ్‌లైటు చుట్టూ, గోధుమ రంగు దారం కుట్టినట్టు సన్నటి తుప్పు గీత బయటపడుతుంది. పొర పోయినా ఆ గీత పోదు. దీనికి మందు ఖరీదైనది కాదు. పొర వేయకముందే అంచు వెంట నైఫ్‌లెస్ టేపు అతికించి, పొర వేశాక అందులోని దారాన్ని లాగితే ఆ దారమే పొరను కోస్తుంది, పెయింటుకు బ్లేడు తగలదు. వీలున్నచోట మిర్రర్ తొడుగు, డోర్ హ్యాండిల్, ఎంబ్లెమ్ లాంటి భాగాలను విప్పి బల్ల మీద పెట్టి చేయడం ఇంకా మేలు. వేయించే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న పొర ధర కాదు, కారు మీద బ్లేడు పెడతారా పెట్టరా అన్నది.

ఎండ సంగతికి వస్తే, పొర అన్ని భాగాల్లో ఒకేలా ముసలిదవదు. తలుపు మీద ఎండ ఏటవాలుగా పడి జారిపోతుంది. బానెట్, రూఫ్, డిక్కీ మూత నడినెత్తి ఎండను నేరుగా తీసుకుంటాయి. నల్లటి పొర ఉన్న బానెట్ మే నెల మధ్యాహ్నం 70 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే, కిందినుంచి ఇంజిను వేడి దానికి తోడు. పీవీసీ సహజంగా గట్టి ప్లాస్టిక్. దాన్ని మెత్తగా ఉంచేందుకు కలిపే ప్లాస్టిసైజర్లు ఆ వేడికి మెల్లగా బయటికి పోతాయి. అవి పోయినకొద్దీ పొర కుంచించుకుని, అంచు వెనక్కి జరిగి, జరిగినమేర గమ్ము బయటపడి, దానికి దుమ్ము పట్టి నల్లటి పట్టీలా కనిపిస్తుంది. ఆ తర్వాత పొర మెరుపు తగ్గి సుద్ద రాసినట్టవుతుంది, చివరికి పగుళ్లిస్తుంది. తయారీ సంస్థలే తమ వారంటీలో నిలువు భాగాలకు ఇచ్చిన కాలాన్ని సమతల భాగాలకు ఇవ్వవు. వేడి ప్రాంతాలకు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. అందువల్ల రోలు మీద రాసిన సంవత్సరాలు చూసి రూఫ్‌కు అదే ఆశించడం న్యాయం కాదు. నీడలో నిలిపే కారుకూ, కలెక్టరేటు ఎదుటో రైల్వే స్టేషను ముందో రోజంతా ఎండలో నిలిచే కారుకూ ఒకే పొర వేర్వేరు ఆయుష్షు ఇస్తుంది.

కడగడంలో నీటి గుణం కూడా చూడాలి. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లలో ఖనిజాలు ఎక్కువ. ఆ నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే, చుక్క ఆరిన ప్రతిచోటా తెల్లటి మచ్చ నిలుస్తుంది. నున్నటి పెయింటు మీద దాన్ని తుడిచి తీయవచ్చు గానీ, గరుకుగా ఉండే 3డీ పొర మీద ఆ తెలుపు నేత గుంటల్లో దిగిపోయి రుద్దినా రాదు. పాలిష్ మైనం కూడా ఆ గుంటల్లోనే ఆరి తెల్లబడుతుంది కాబట్టి ఇలాంటి పొరకు మైనం పెట్టకూడదు. కృష్ణపట్నం పోర్టు దారిలో బొగ్గు లారీల వెనుక తిరిగే కార్లకూ, చీమకుర్తి రోడ్డు మీద రాతి పొడిలో తిరిగే కార్లకూ పొడిగుడ్డతో తుడిచే అలవాటు పనికిరాదు. రాతి పొడి వినైల్ కంటే ఎంతో గట్టిది, గుడ్డ కింద అది ఉప్పు కాగితంలా గీస్తుంది. ముందు ధారాళంగా నీళ్లు పోసి దుమ్మును పోనిచ్చి, షాంపూ నీళ్లతో కడిగి, నీడలో మెత్తటి గుడ్డతో ఒత్తి తడి తీయడం చాలు. ప్రెషర్ గొట్టాన్ని అంచుకు ఎదురుగా, దగ్గరగా పెడితే పొర అక్కడే లేస్తుంది. పెట్రోలు మూత చుట్టూ వేయించినవారు బంకులో కారిన చుక్కను వెంటనే తుడిపించుకోవాలి, పెట్రోలు తగిలిన వినైల్ ఉబ్బి ముడత పడుతుంది.

చట్టం సంగతి రెండు మాటల్లో చెప్పవచ్చు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో నమోదైన వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు, ఆ వివరాల్లో రంగు కూడా ఒకటి. మిర్రర్లకో స్పాయిలర్‌కో వేస్తే కారు రంగు మారదు, తెల్ల కారును తలుపులతో సహా నల్లటి నేతతో కప్పితే మారినట్టే. అలాంటి పని తలపెట్టినవారు ముందుగా రవాణా కార్యాలయంలోనూ, బీమా సంస్థలోనూ చెప్పి చేయించుకోవాలి.

ఇక కింది పెయింటు. పొర గమ్ముకూ కంపెనీ పెయింటుకూ ఉన్న పట్టు కంటే, కంపెనీ పెయింటుకూ ఉక్కుకూ ఉన్న పట్టు ఎక్కువ. అందువల్లే సరైన సమయంలో తీస్తే పొర శుభ్రంగా వస్తుంది. పుట్టీ పెట్టి, షెడ్డులో రీపెయింట్ చేసిన బానెట్ విషయంలో ఈ లెక్క తిరగబడుతుంది. పొరతోపాటు రంగు కూడా రేకులుగా ఊడివస్తుంది. వేయించేవారు ఆ బానెట్ చరిత్రను దాచకుండా పనివాడికి చెప్పాలి, చెప్పినప్పుడు పని వద్దనే దుకాణదారే నమ్మదగినవాడు. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు కూడా బానెట్ మీద మాత్రమే కార్బన్ పొర ఉంటే, దాన్ని అలంకారంగా చూసి ఊరుకోకుండా బానెట్ ఎత్తి లోపలి అంచు, బోల్టుల తలలు, మడతల్లోని సీలెంటు గీత పరిశీలించడం అవసరం. బోల్టు తల మీద పెయింటు చిట్లి ఉంటే ఆ బానెట్‌ను ఎప్పుడో విప్పారని అర్థం.

తీయడానికి తగిన సమయం పొర ఇంకా బాగుందనిపించేటప్పుడే. మెరుపు తగ్గడం మొదలైందంటే, అంచున వేలి గోటితో లేపితే పెళుసుగా విరిగిందంటే ఇప్పటికే ఆలస్యమైనట్టు. మెత్తగా ఉన్న పొరను హీట్ గన్‌తో చేయి పెడితే చురుక్కుమనేంత వెచ్చబెట్టి, పెయింటుకు దాదాపు ఆనించినంత వాలుగా, మెల్లగా లాగుతూ పోతే గమ్ముతో సహా ఒకే ముక్కగా వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు నిటారుగా లాగితే పొర చిరిగి గమ్ము కిందే ఉండిపోతుంది. పెళుసెక్కిన పొర గోరంత ముక్కలుగా విరుగుతుంది, ఒక్క రూఫ్‌కు రెండు రోజుల కూలి పడుతుంది. తీసిన వెంటనే అంచులన్నీ వెలుతురులో వేలితో తడిమి చూడాలి. తుప్పు గీత తగిలితే ముచ్చటకొద్దీ వెంటనే మరో పొర వేయించకుండా, ముందుగా టింకరింగ్ షాపులో గీకించి, తుప్పును ఆపే ప్రైమర్ కొట్టించి, రంగు వేయించాలి. ఆ రంగులోని ద్రావకం పూర్తిగా ఎగిరిపోయేదాకా, కనీసం నెల రోజులు, కారును పొర లేకుండానే తిప్పాలి.